ఎండ వచ్చేదాకా ఆగే ఐలీ

ఐలీ గురించి చెప్పాలంటే ముందు నా నోటి గురించి చెప్పాలి. నా నోరు మంచిది కాదు. మా ఆయన ఊర్హో బతికున్నన్నాళ్లూ రోజుకు రెండుసార్లు అన్న మాటే ఇది. మనసులో దాచుకోవడం నాకు చేతకాదు. వచ్చింది వచ్చినట్టు అనేసి, తర్వాత పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తాను. ఐలీ దీనికి పూర్తిగా ఎదురు. పొద్దున ఒక మాట అడిగితే జవాబు మర్నాడు వచ్చేది.

మేమిద్దరం ఇరవైయారేళ్లు పక్కపక్కన నిలబడి అమెరికాలో కొలంబియా నది చేపల్ని డబ్బాల్లో కూరాం. మా ఊళ్లో మగవాళ్లు వల వేసేవాళ్లు, ఆడవాళ్లం డబ్బాలు నింపేవాళ్లం. అందరివీ ఫిన్లాండ్ నుంచి వచ్చిన తాతల పేర్లే, అందరికీ ఒకటే చర్చి, ఒకటే ఫ్యాక్టరీ. నేను నిమిషానికి పదకొండు డబ్బాలు నింపితే ఐలీ ఏడు నింపేది. ముల్లుందేమోనని ప్రతి ముక్కనీ వేలితో తడిమి చూసేది. మేస్త్రీ వచ్చి అరిచేవాడు.

"ఏం ఐలీ, ఆ చేప మళ్లీ లేస్తుందేమోనని చూస్తున్నావా?"

"ముల్లుంటే తినేవాళ్ల గొంతులో గుచ్చుకుంటుంది కదండీ," అని ఐలీ నెమ్మదిగా చెప్పి మళ్లీ తడిమేది.

ఫ్యాక్టరీ మొత్తానికి ఆమె 'నిదానం ఐలీ'. ఆ పేరు పెట్టింది నేనే. మంచి పేరు పెట్టానని అప్పట్లో మురిసిపోయాను కూడా.

ఐలీకి పిల్లల్లేరు. మొగుడు రేనో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు, పైపు కాల్చేవాడు, ఐలీ కంటే తక్కువ మాట్లాడేవాడు. వాళ్లింట్లో గడియారం చప్పుడే గట్టిగా వినిపించేది. కానీ శనివారం వచ్చిందంటే ఆ ఇల్లు ఇల్లు కాదు, తిరునాళ్లే. నది ఒడ్డున ఆవిరి స్నానాలకి వాళ్ల సౌనా ఉండేది. దేవదారు చెక్కల గది, రాళ్ల పొయ్యి. మధ్యాహ్నం నాలుగింటికి ఐలీ పొయ్యి రాజేసేది. అయిదింటికల్లా మేం ఆరుగురం ఆడవాళ్లం మారు బట్టలు చంకన పెట్టుకుని దిగేవాళ్లం. రాళ్ల మీద నీళ్లు పోసి, ఆవిరిలో చెమటలు కక్కుతూ, ఊళ్లో ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ ఏకిపారేసేవాళ్లం. ఐలీ పై బల్ల మీద ఓ మూల కూర్చుని వినేది. స్నానాలయ్యాక యాలకుల రొట్టె, కాఫీ. మేం వెళ్లిపోయాక తను మాకు తీసి పెట్టిన ఆరు తువ్వాళ్లూ ఉతికి తీగ మీద ఆరేసేది. ఆమెకి పండగా పబ్బమూ అన్నీ ఆ సాయంత్రమే.

ఇక పిట్టల సంగతి. మా చిన్నతనం నుంచీ హమ్మింగ్‌బర్డ్ అంటే మాకు తెలిసింది ఒకటే, గాల్లో ఆగి పూలతేనె తాగే రాగి రంగుది. అయిదు సెంట్ల నాణెం కంటే తేలిక, కోపం మాత్రం నా అంత. మార్చిలో వాన కాస్త తెరిపిచ్చి, కంచెల వెంట ఎర్రపూల పొదలు పూయగానే మెక్సికో నుంచి దిగిపోయేవి. జూలైలో మగవి వెళ్లిపోయేవి, ఆగస్టు చివరికి ఆడవీ పిల్లలూ. సెప్టెంబరులో మొదటి సోమవారం, కార్మికుల సెలవు నాడు, పిట్టల కోసం ఇంటింటా వసారాలో వేలాడదీసిన పంచదార నీళ్ల సీసాలు దించి, కడిగి, అటకెక్కించేవాళ్లం. దించకపోతే పిట్ట ఆ తీపికి మరిగి ప్రయాణం మానుకుంటుందనీ, తర్వాత చలికి చస్తే ఆ పాపం మనకే చుట్టుకుంటుందనీ మా అమ్మ చెప్పేది. ఆమెకి వాళ్లమ్మ చెప్పింది. మంగళవారం నాడు ఎవరి వసారాలోనైనా సీసా కనిపించిందా, ఆదివారం చర్చి కింది హాల్లో కాఫీల దగ్గర వాళ్ల పని అయిపోయేది.

ఎనభై ఒకటిలో ఐలీ దించలేదు. నిదానం కదా! ఇవాళ, రేపు అంటూ అక్టోబరు తెచ్చింది. ఒక పిట్ట ఉండిపోయింది. రాగి రంగుది కాదు. వీపు పచ్చగా, పొట్ట బూడిదగా, మెడ మీద నాలుగు ఎర్ర చుక్కలు. మాకు తేడా తెలిస్తేగా! ముసలిదై రంగు వెలిసిందనుకున్నాం.

"చూశావా, నీ బద్ధకం దాని ప్రాణం మీదికి తెచ్చింది," అన్నాను ఐలీతో.

ఆమె ముఖం మాడిపోయింది. ఉన్నదాన్ని ఆకలికి చంపలేక సీసా అలాగే ఉంచింది. నీళ్లు గడ్డకట్టకుండా రేనో ఉన్ని మేజోడు ఒకటి సీసాకి తొడిగింది. నవంబరంతా ఆ పిట్ట మేజోడు తొడుక్కున్న సీసా దగ్గర తాగి బతికింది.

డిసెంబరులో ఒక పొద్దున నేలంతా మంచు బిగిసింది. ఫ్యాక్టరీ బస్సుకి ఐలీని తీసుకెళ్దామని పెరటి దారిన వెళ్లాను. పిట్ట సీసాకి తలకిందులుగా వేలాడుతోంది. కళ్లు మూసుకుపోయాయి, ఈకలు ఉబ్బి ఉన్నాయి, వేలితో ముట్టుకుంటే రాయి. ఐలీ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"చచ్చింది," అన్నాను.

"కాసేపు చూద్దామే."

"ఏం చూస్తావ్ దాని మొహం? కట్టెలా బిగిసిపోతేనూ! బస్సు వెళ్లిపోతుంది, తెమలవే తల్లీ. పూడ్చెయ్."

ఐలీ లోపలికి వెళ్లి రేనో పెద్ద అగ్గిపెట్టె ఖాళీ చేసి తెచ్చింది. దూది పరిచి పిట్టని పడుకోబెట్టింది. ముక్కు పట్టలేదు, అట్ట మూల కాస్త చింపింది. నేల గట్టిగా ఉంది. గునపం తెచ్చి తవ్వింది నేనే, మట్టి తొక్కింది కూడా నేనే. అయిదు నిమిషాల్లో అయిపోయింది, బస్సు అందింది. ఆ రోజు నేను నిమిషానికి పదకొండు డబ్బాలు నింపాను, ఐలీ ఏడు.

రెండేళ్ల తర్వాత స్కూలు నుంచి పెల్కోనెన్ మాస్టారు చర్చి కింద హాల్లో గోడ మీద స్లైడ్లు వేసి పిట్టల గురించి చెప్పారు. అప్పటికి మా ఊళ్లో ఆ పచ్చ పిట్టలు నాలుగైదు కనిపిస్తున్నాయి. ఇవి రాగి పిట్టలు కావనీ, వేరే జాతనీ, అన్నాస్ అంటారనీ, కాలిఫోర్నియా నుంచి ఏడాదికి కొంచెం పైకి జరుగుతూ వచ్చాయనీ చెప్పారు. వీటికి వలస లేదట, పన్నెండు నెలలూ ఇక్కడేనట. మగదాని మెడంతా గులాబీ రంగులో మెరుస్తుందట.

"మరి సీసాలు దించకపోతే ఆగిపోతాయని అంటారే?" అని అడిగాను.

"మీ పంచదారకి అంత బలం లేదమ్మా. పగలు కురచవుతుంటే పోయేవి పోతాయి. ఉండేవి ఉంటాయి. మీరు దించినా ఒకటే, దించకపోయినా ఒకటే. చలికాలంలో మాత్రం ఉంచితే మంచిది."

మా అమ్మ, వాళ్లమ్మ అందరూ ఒక్క మాటతో కొట్టుకుపోయారు. నాకు ఒళ్లు మండి, రొట్టె కోసే వంక పెట్టుకుని వంటగదిలోకి వెళ్లిపోయాను. మాస్టారు ఇంకో అరగంట చెప్పారు. అదేదీ నేను వినలేదు. అయ్యాక ఐలీ వంటగదిలోకి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందే?"

"ఏం లేదు," అంది ఐలీ.

మామూలుగా ఆమె జవాబు మర్నాడు వచ్చేది. ఈసారి రావడానికి పదిహేనేళ్లు పట్టింది.

తొంభై ఆరు డిసెంబరులో రేనో నిద్రలో పోయాడు. రాత్రి ఒంటిగంటకో రెండింటికో గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఎవరూ చేయగలిగింది ఏమీ లేదనీ చెప్పాడు. కానీ ఐలీ అయిదింటికి లేచి చూసిందట, అంబులెన్సుకి ఫోన్ చేసింది తొమ్మిదిన్నరకట. వచ్చినవాళ్లు చూసింది ఊరంతా చెప్పారు. కిటికీ తెరలు బార్లా తీసి ఉన్నాయి. రేనో మీద దుప్పటి లేదు. మంచం పక్కన రెండు కాఫీ కప్పులు, ఒకటి ఖాళీ, ఒకటి నిండుగా.

ఆ ఆదివారం చర్చి కింద అందరూ గుసగుసలాడుతుంటే నేను ఆగలేకపోయాను.

"కాఫీ చల్లారిపోతుందని ముందు అది తాగి, అప్పుడు ఫోన్ చేసి ఉంటుంది. నిదానం ఐలీ కదా!"

కప్పుల్లోకి ముఖాలు దించుకుని నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రానికి అది నవ్వులాట కాకుండా పోయింది. ఐలీ మొగుడి శవం పక్కన కూర్చుని కాఫీ తాగిందట, వెంటనే ఫోన్ చేసి ఉంటే బతికేవాడట. అంత్యక్రియల దగ్గర రేనో చెల్లెలు లెంపి అందరి ముందూ అడిగేసింది.

"నాలుగున్నర గంటలు ఏం చేశావ్ వదినా? చెప్పు! మా అన్న పక్కన కూర్చుని ఏం చేశావ్?"

ఐలీ చేతి రుమాలు మడత విప్పి, మళ్లీ మడిచింది. లెంపి వెళ్లి వేరే వరుసలో కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు అటే వెళ్లారు.

తర్వాతి శనివారం సౌనాకి ఎవరూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. మిగతావాళ్లకి కోపం, నాకు సిగ్గు. ఆ మాట పుట్టించిన నోరు నాదే, ఆ నోటితో ఆమె రొట్టె ఎలా తింటాను? అయితే ఆ సిగ్గుని కోపంలాగే చూపించుకుంటూ తిరిగాను.

ఐలీ మాత్రం ప్రతి శనివారం నాలుగింటికి పొయ్యి రాజేసేది. మా వంటింటి కిటికీలోంచి పొగ కనిపించేది. ఆదివారం పొద్దున తీగ మీద ఆరు తువ్వాళ్లు ఆరేసి ఉండేవి. ఎవరూ ఒళ్లు తుడుచుకోనివి. రెండు చలికాలాలు అలాగే గడిచాయి. ఆమెకి కావలసింది ఒక్కటే, శనివారం అయిదింటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు. అది ఊరందరికీ తెలుసు. తెలిసే మానేశాం.

ఈ మధ్యలో మా ఊర్హో పోయాడు. నాలుగో రోజు మా గుమ్మంలో గుడ్డ కప్పిన పళ్లెం ఉంది. యాలకుల రొట్టె. తలుపు తట్టకుండా పెట్టి వెళ్లిపోయింది. రొట్టె మొత్తం నేనే తిన్నాను. పళ్లెం తిరిగి ఇవ్వడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

తొంభై తొమ్మిది జనవరిలో మంచువాన కురిసింది. చెట్లు విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. మా ఇంట్లో కరెంటు హీటరు తప్ప ఇంకేమీ లేదు. మధ్యాహ్నానికి ఇంట్లో మాట్లాడితే ఊపిరి పొగలా కనిపిస్తోంది. నదివైపు చూస్తే ఐలీ పొగగొట్టం హాయిగా పొగ వదులుతోంది. ఎవరింటికైనా పోతాను గానీ అక్కడికి పోనని ఒక గంట భీష్మించుకుని కూర్చున్నాను. తర్వాత కాళ్లు తిమ్మిరెక్కాయి. పళ్లెం చంకలో పెట్టుకుని, బూట్లకి పాత గోనెగుడ్డ చుట్టుకుని, జారుతూ పడుతూ వెళ్లాను.

ఐలీ తలుపు తీసింది. నన్ను చూసింది, పళ్లేన్ని చూసింది.

"కడిగావా?"

"ఏడాదిన్నర టైముంది కదా, కడిగాను," అన్నాను.

ఆమె పక్కకి జరిగింది. లోపలికి వెళ్లాను. పొయ్యి పక్కన బల్ల మీద పక్క వేసింది. చేపల సూపు పెట్టింది. గడియారం చప్పుడు అప్పటిలాగే ఉంది.

పొద్దున ఏడున్నరకి లేచాను. వాన ఆగి ఆకాశం తేటబడింది. వంటింటి కిటికీ బయట మేజోడు తొడిగిన సీసా ఉంది. దానికి పచ్చ పిట్ట ఒకటి తలకిందులుగా వేలాడుతోంది. కళ్లు మూసుకుని, ఈకలు ఉబ్బి.

"అయ్యో, చచ్చిపోయిందే పాపం," అని కిటికీ తలుపు ఎత్తి చెయ్యి చాపాను.

ఐలీ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆమె అంత వేగంగా కదలడం నేను జన్మలో చూడలేదు.

"ముట్టుకోకు! ఎండ రానీ."

"ఎండొస్తే ఏమవుతుంది?"

"కూర్చో."

కూర్చున్నాను. ఆమె కాఫీ పోసింది. ఇద్దరం కిటికీకి ఎదురుగా కూర్చున్నాం. ఎనిమిదిన్నరకి అవతలి గట్టు మీద వెలుతురు పడింది. తొమ్మిదికి ఎండ సీసా మీదికి వచ్చింది. పిట్ట కదల్లేదు. చచ్చినదాన్ని పెట్టుకుని ఈమె నన్ను కూర్చోబెట్టిందేమిటి, ఒంటరితనంతో మతి చలించిందా అని నాకు లోపల భయం వేసింది. తొమ్మిదింబావుకి పిట్ట రొమ్ము అదిరింది. ఇంకోసారి అదిరింది. ఒళ్లంతా వణికింది. కన్ను తెరిచింది. ఒక్కసారి తిరగబడి సీసా మీద నిటారుగా కూర్చుని, ముక్కు లోపల పెట్టి తాగడం మొదలుపెట్టింది.

బాగా చూద్దామని ముందుకు వంగబోయి కప్పులో కాఫీ ఒళ్లో ఒంపుకున్నాను.

"ఆ రోజు మాస్టారు చెప్పారు," అంది ఐలీ. "నువ్వు రొట్టె కోస్తున్నావ్. చలి రాత్రుల్లో ఒంట్లో వేడంతా తగ్గించేసుకుని ఇలాగే పడుంటాయట. ఎండ తగిలాక లేస్తాయట. చచ్చాయనుకుని పారెయ్యకండని చెప్పారు."

నాకు అగ్గిపెట్టె గుర్తొచ్చింది. దూది, చింపిన మూల, నా బూటు కింద మట్టి.

"అంటే మనం ఆ రోజు... అది బతికే ఉందా ఐలీ?"

"ఏమో. చచ్చే ఉందేమో. ఎండ రాకుండానే పెట్టేశాం కదా, ఎలా తెలుస్తుంది?"

"పూడ్చమన్నది నేను! తవ్వింది నేను! ఇన్నేళ్లూ నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెబితే ఏడుస్తావని," అంది.

నిజంగానే ఏడుస్తున్నాను. ఐలీ లేచి గుడ్డ తెచ్చి నా ఒళ్లో కాఫీ తుడిచింది. మళ్లీ కూర్చుంది. తర్వాత, ఎవరూ అడగకుండా, తనంతట తనే చెప్పింది.

"రేనో పోయాడని నాకు తెలుసే. ముట్టుకోగానే తెలిసింది. నాకేం పిచ్చి లేదు. మనిషి పిట్ట కాదని నాకూ తెలుసు. కానీ ఆ గదిలోకి తొమ్మిదింటికి గానీ ఎండ రాదు. తెరలు తీశా. దుప్పటి తీసేశా. ముందు కాళ్ల మీద పడింది. తర్వాత పొట్ట మీదికొచ్చింది. ముఖం మీదికొచ్చాక ఇంకో పావుగంట చూశా. అప్పుడు ఫోన్ చేశా."

"మరి కాఫీ?"

"లేస్తే ముందు అదే అడుగుతాడు కదా."

ఆ రెండు కప్పుల మీదే కదా నేను జోకు వేసి ఊరిని నవ్వించింది!

"ఆ మాట అన్నది నేనే ఐలీ. కాఫీ తాగి ఫోన్ చేసిందని అన్నది నేనే."

"తెలుసు," అంది. "ఇంకెవరికి వస్తుంది అంత చక్కటి మాట?"

ఆ ఆదివారం చర్చి కింద అందరూ కప్పులు పట్టుకున్నాక నేను కుర్చీ మీదికెక్కి నిలబడి మొత్తం చెప్పాను. అగ్గిపెట్టె దగ్గర మొదలుపెట్టి రేనో ముఖం మీద ఎండ దాకా చెప్పాను. నా నోరు ఊరికి మంచి చేసింది ఆ ఒక్కరోజే అనుకుంటాను. ఎవరూ నవ్వలేదు. లెంపి కప్పు బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది. ఆమె ఐలీతో ఇంక చచ్చేదాకా మాట్లాడలేదు. అన్నని పోగొట్టుకున్న మనిషి, కోపం తప్ప ఆమెకి ఇంకేం మిగిలిందిలే.

శనివారం అయిదింటికి మారు బట్టలు చంకన పెట్టుకుని వెళ్లాను. మిగతావాళ్లలో ఇద్దరు వచ్చారు. మిగిలిన ముగ్గురూ ఈ రోజు, వచ్చే వారం అంటూ రాలేదు. ఒకసారి మానేసిన దారి మళ్లీ తొక్కడం జనానికి కష్టమే. ఐలీ మాత్రం ఆరు తువ్వాళ్లు తీసి పెట్టేది. మూడు తడిసేవి, మూడు మడతలోనే ఉండేవి. ఆరూ ఉతికి ఆరేసేది. ఎందుకే అని అడిగితే, ఎవరైనా వస్తారేమో అనేది. తొమ్మిదేళ్లలో ఎవరూ రాలేదు. ఆ ఇద్దరిలో ఒకరు కూతురి దగ్గరికి వెళ్లిపోయారు, ఇంకొకరికి మోకాళ్లు పోయాయి. చివరికి సౌనాలో నేనూ ఐలీ మిగిలాం. నేను మాట్లాడేదాన్ని, ఆమె పై బల్ల మీద మూల కూర్చునేది.

రెండువేల ఎనిమిది మార్చిలో ఐలీ పోయింది. రోజూ పొద్దున ఆరింటికి నేను వెళ్లి తలుపు తట్టేదాన్ని. ఆ రోజు తియ్యలేదు. నా దగ్గర తాళం చెవి ఉంది. ఐలీ మంచం మీద రేనో పడుకునే వైపుకి తిరిగి పడుకుని ఉంది. ముట్టుకున్నాను. నాకూ తెలిసింది.

తెరలు తీశాను. దుప్పటి తీసి మడిచి కాళ్ల దగ్గర పెట్టాను. వంటింట్లోకి వెళ్లి కాఫీ కాచాను. రెండు కప్పుల్లో పోసి తెచ్చి, ఒకటి ఆమె పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బయట వాన. రాగి పిట్టలు అంతకు ముందు రోజే దిగాయి. వాటిలో ఒకటీ, ఇంటి పచ్చ పిట్టా సీసా కోసం వానలోనే కొట్టుకుంటున్నాయి. ఎనిమిదైంది, తొమ్మిదైంది, పదైంది. వాన తగ్గలేదు. పదకొండింటికి ఫోన్ చేశాను.

పోలీసు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ఈ ఊరివాడు కాదు. కాగితం తీసి అడిగాడు.

"మీరు చూసింది ఎన్నింటికండీ?"

"ఆరింటికి."

"మరి పదకొండుకి ఫోన్ చేశారు. ఇంతసేపూ ఏం చేశారు?"

"ఎండ కోసం చూశాను బాబూ."

అతను కిటికీ వైపు చూశాడు. అద్దం మీద నీళ్లు ధారలు కడుతున్నాయి.

"ఇవాళ ఎండ రాదండీ. రోజంతా వానేనని రాత్రే రేడియోలో చెప్పారు," అన్నాడు.

"నేనూ విన్నాను," అన్నాను.